ఖాళీ సీటు ఖరీదెంత?

"ఊళ్ళో తిరగడానికి మెట్రో రైలు మంచిదా, బస్సు మంచిదా, మోటారు సైకిలు మంచిదా?" అని తరగతిలో అడిగితే, "మెట్రో రైలే సార్, దానికి పొగ రాదు" అని టక్కున జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పనడానికి వీల్లేదు. కాని అది సగం జవాబే. మిగతా సగం తెలుసుకోవాలంటే కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం, వాటితోపాటు గుణకారం, భాగహారం కావాలి. ఇవన్నీ మీకు వచ్చినవే. ఆ లెక్క వేసుకోవడానికి హైదరాబాదు తూర్పు వైపున ఉన్న ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలు చక్కగా సరిపోతాయి.

ఆ దారి కథ

ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. విజయవాడ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి హయత్‌నగర్, వనస్థలిపురం దాటి ఇక్కడికి చేరుతుంది. పెద్దవాళ్ళు దీన్ని ఇప్పటికీ 9వ నంబరు రహదారి అనే అంటారు. అది దాని పాత నంబరు. నాగోలు వైపు నుంచి వచ్చే రింగు రోడ్డు కూడా ఇక్కడే కలుస్తుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల్లో వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడ దిగిపోతారు. ఇక్కడి నుంచి రహదారి కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరి, మలక్‌పేట దాటి నగరం నడిబొడ్డుకు పోతుంది. దిల్‌సుఖ్‌నగర్ అంటే బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, వాటిని నమ్ముకుని జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థుల హాస్టళ్ళు. ఎల్.బి.నగర్ ఒకప్పుడు విడి మునిసిపాలిటీ. 2007లో అది మహానగరంలో కలిసిపోయింది.

ఇంతమంది జనాన్ని ఎన్నో ఏళ్ళు మోసింది సిటీ బస్సే. మన దగ్గర ప్రభుత్వ బస్సులు 1932లో మొదలయ్యాయి. నిజాం రాజ్యపు రైల్వే శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో వాటిని ప్రారంభించింది. ఆ సంస్థే తరువాత పెరిగి, పేరు మారి, రాష్ట్రాలు మారి, నేటి ఆర్టీసీ అయింది.

హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరు 28న ప్రారంభమైంది. అప్పుడు అది మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా 30 కిలోమీటర్లు నడిచింది. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా 16 కిలోమీటర్ల భాగం 2018 సెప్టెంబరు 24న తెరిచారు. దానితో మియాపూర్, ఎల్.బి.నగర్ మధ్య 29 కిలోమీటర్ల దారి పూర్తయింది. ఈ దారిలో 27 స్టేషన్లు ఉన్నాయి. 27 స్టేషన్ల మధ్య ఖాళీలు 26 కదా! 29ని 26తో భాగించండి. అంటే సగటున 1.1 కిలోమీటరుకు ఒక స్టేషను వస్తుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ పనికివస్తుంది.

వెయ్యిమందికి ఎంత చోటు?

మూడు పెట్టెల మెట్రో రైలులో కూర్చున్నవారు, నిలుచున్నవారు కలిసి సుమారు వెయ్యిమంది పడతారు. అదే వెయ్యిమంది కార్లలో బయలుదేరారనుకుందాం. కారుకు సగటున ఒకటిన్నర మంది చొప్పున వేసుకుంటే 667 కార్లు కావాలి. రద్దీలో మెల్లగా కదిలే కారుకు ముందు వెనుకల ఖాళీతో కలిపి 6 మీటర్లు కావాలనుకుంటే, మొత్తం వరస పొడవు 4 కిలోమీటర్లవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మీదుగా మూడు ఖాళీలు. అంటే సుమారు 3.3 కిలోమీటర్లు. కాబట్టి ఒక్క రైలులో పట్టే జనం కార్లెక్కితే, దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలైన వరస ఎల్.బి.నగర్ దాటి పోతుంది! అదే జనం బస్సులెక్కితే 20 బస్సులు చాలు. ఒక్కొక్క బస్సుకు 15 మీటర్లు ఇచ్చినా వరస 300 మీటర్లే. ఇక రైలు పొడవు 70 మీటర్లకు లోపే. పైగా అది రోడ్డు మీద నడవదు. రోడ్డు నడుమ డివైడరు మీద లేపిన స్తంభాలపైన దాని దారి దానికే ఉంది.

ఇనుము మీద ఇనుము

ఇక శక్తి సంగతి. సమతలంగా ఉన్న నేల మీద దొర్లే చక్రాన్ని ఆపడానికి ప్రయత్నించే బలాన్ని దొర్లుడు ఘర్షణ అంటారని చదువుకున్నారు. గాలి నింపిన రబ్బరు టైరు నేలకు తాకిన చోట నొక్కుకుపోతుంది, ముందుకు దొర్లగానే తిరిగి ఉబ్బుతుంది. ఇలా నొక్కుకుని ఉబ్బడంలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. దూరప్రయాణం చేసి వచ్చిన బస్సు టైరు వెచ్చగా ఉండటానికి ఇదొక కారణం. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద అంతగా నొక్కుకుపోదు. అందువల్ల దానికి నష్టం చాలా తక్కువ.

రైలూ, అందులోని జనమూ కలిపి 150 టన్నులున్నారనుకుందాం. ఉక్కు పట్టాల మీద ఆ బరువును ఒకే వేగంతో దొర్లించడానికి, గాలి నిరోధం వదిలేస్తే, బరువులో 500వ వంతు బలం సరిపోతుంది. అంటే మనం 300 కిలోల బరువును ఎత్తడానికి ఎంత బలం కావాలో అంతే! అదే బరువు రబ్బరు టైర్ల మీద ఉంటే దీనికి ఐదు రెట్లయినా కావాలి.

అయితే ఏ లాభమూ ఊరికే రాదు. ఘర్షణ తక్కువ కాబట్టి రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు, బస్సంత త్వరగా ఆగనూ లేదు. అడ్డంగా మనిషో, ఆటోనో వస్తే చటుక్కున బ్రేకు వేసి నిలబడలేదు. అందుకే ఎవరూ అడ్డురాని ప్రత్యేకమైన దారి దానికి కావాలి.

ఆగినప్పుడు శక్తి ఏమవుతుంది?

ప్రతి 1.1 కిలోమీటరుకు రైలు ఆగాలి, మళ్ళీ కదలాలి. మన 150 టన్నుల రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగం అందుకుందనుకోండి. అది సెకండుకు 20 మీటర్లు. గతిజశక్తి సూత్రం మీకు తెలుసు: ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించాలి. 75,000ను 400తో గుణిస్తే 3 కోట్ల జౌళ్ళు వస్తాయి. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్ళు. కాబట్టి పరుగెత్తే రైలులో దాగి ఉన్న శక్తి సుమారు 8.3 యూనిట్లు. దానితో ఇంట్లో 75 వాట్ల ఫ్యాను నాలుగు రోజులకు పైగా రాత్రింబగళ్ళు తిరుగుతుంది.

మామూలు బ్రేకు ఈ శక్తినంతా వేడిగా మార్చి గాలిలో కలిపేస్తుంది. సైకిలును జోరుగా తొక్కి బ్రేకు వేసి, వెంటనే చక్రపు రిమ్మును తాకి చూస్తే మీకే తెలుస్తుంది. మెట్రో రైలు ఇంకో ఉపాయం చేస్తుంది. కరెంటు ఇస్తే తిరిగేది మోటారు, తిప్పితే కరెంటు ఇచ్చేది డైనమో. రెండూ ఒకే యంత్రానికి రెండు ముఖాలు. రైలు ఆగవలసి వచ్చినప్పుడు దాని మోటార్లు డైనమోలుగా పనిచేస్తాయి. చక్రాలు వాటిని తిప్పుతాయి. తిప్పడంలో వేగం తగ్గుతుంది, కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తలమీది 25,000 వోల్టుల తీగలోకి వెనక్కి పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రైలు ఆగుతున్నప్పుడు అటు పక్కన మరో రైలు కదులుతూ ఉంటే, మొదటిది వదిలిన శక్తిని రెండోది అందుకోగలదు. మొత్తం శక్తి తిరిగి రాదు, కొంత భాగమే వస్తుంది. కాని రోజంతా ఎన్నో రైళ్ళు ఎన్నో స్టేషన్లలో ఆగుతాయి కనుక ఆ కొంతే కొండంత అవుతుంది. డీజిలు బస్సుకు ఈ సదుపాయం లేదు. బ్యాటరీతో నడిచే బస్సుకు ఉంది. 2019లో విమానాశ్రయం మార్గాల్లో ఆర్టీసీ 40 బ్యాటరీ బస్సులు ప్రవేశపెట్టింది. ఆగేటప్పుడు అవి తమ బ్యాటరీని కొంత తామే నింపుకుంటాయి.

పొగ ఎక్కడికి పోయింది?

"మెట్రోకు పొగ రాదు" అన్న జవాబును ఇప్పుడు పరీక్షిద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో రాదు, నిజమే. అక్కడ నడిచేవాళ్ళ ముక్కులకు అది పెద్ద మేలు. కాని మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు మండించి తీస్తున్నదే. రామగుండం లాంటి చోట్ల పొయ్యి మండితేనే ఎల్.బి.నగర్‌లో రైలు కదులుతుంది. అన్ని రకాల విద్యుత్ కేంద్రాలనూ కలిపి సగటు తీస్తే, మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. పూర్వం తెలుగు పుస్తకాల్లో దీన్నే బొగ్గుపులుసు వాయువు అనేవారు. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం ఈ వాయువే.

ఒక లీటరు పెట్రోలు మండితే ఈ వాయువు 2.3 కిలోలు వస్తుంది. లీటరు డీజిలుకు 2.7 కిలోలు. "లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోనే కదా, దాని నుంచి రెండు కిలోల పైన ఎలా వస్తుంది?" అని మీకు సందేహం రావాలి. పెట్రోలులోని ఒక్కొక్క కార్బన్ పరమాణువు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను పట్టుకుంటుంది. 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాముల వాయువు అవుతుంది. అదనపు బరువు గాలి నుంచి వచ్చిందన్నమాట.

అయినా కరెంటుకు ఒక సుగుణం ఉంది. డీజిలు ఇంజను బతికినన్నాళ్ళూ డీజిలే తాగుతుంది. కరెంటు మోటారు తన కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందని అడగదు. రామగుండం విద్యుత్ కేంద్రపు జలాశయం మీదనే 100 మెగావాట్ల తేలే సౌరఫలకాలు పరిచారు. అవి 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తున్నాయి. మెట్రో స్టేషన్ల, డిపోల కప్పుల మీద కూడా సౌరఫలకాలు ఉన్నాయి. ఇలాంటివి పెరిగే కొద్దీ, రైలులో ఒక్క మరను మార్చకుండానే, అది వాడే కరెంటు శుభ్రమవుతూ పోతుంది.

మర్మం భాగహారంలో ఉంది

ఇప్పుడు అసలు లెక్క. ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేటకు 16 కిలోమీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం. కారు లీటరుకు 15 కిలోమీటర్లు, మోటారు సైకిలు 48, డీజిలు బస్సు 4 పోతాయి. రైలు దీపాలూ, చల్లదనమూ అన్నీ కలిపి కిలోమీటరుకు 10 యూనిట్లు తీసుకుంటుంది.

కారులో ఒక్కరే పోతే కార్బన్ డై ఆక్సైడ్ ఇంచుమించు రెండున్నర కిలోలు వస్తుంది. మోటారు సైకిలు మీద ఒక్కరే పోతే 770 గ్రాములు. బస్సు మొత్తానికి 4 లీటర్లు, అంటే 10.8 కిలోలు. ఎంత ఎక్కువో అనిపిస్తుంది. కాని అందులో 50 మంది ఉంటే మనిషికి 216 గ్రాములే. రైలు మొత్తానికి 160 యూనిట్లు, అంటే 112 కిలోలు! వెయ్యిమంది ఉంటే మనిషికి 112 గ్రాములు. 500 మంది ఉంటే 224 గ్రాములు.

సరే, బస్సులో 10 మందే ఉన్నారనుకోండి. మనిషికి 1,080 గ్రాములు. రైలులో 100 మందే ఉంటే 1,120 గ్రాములు. ఒంటరిగా పోయే మోటారు సైకిలు కంటె ఎక్కువ! చూశారా, యంత్రం మారలేదు, పట్టాలు మారలేదు, భాగించే అంకె ఒక్కటే మారింది. మంచి రైలు కాస్తా చెడ్డ రైలైపోయింది.

దీనికి నిజమైన నిదర్శనం కూడా ఉంది. కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిపోయిన మెట్రో ఆ ఏడు సెప్టెంబరు 7న మళ్ళీ మొదలైంది. ఆ రోజు ముందుగా నడిచింది మియాపూర్, ఎల్.బి.నగర్ మార్గమే. జనం భయపడి ఎక్కలేదు. రైలు బరువు, దీపాలు అవే, ప్రయాణికులు మాత్రం కొద్దిమంది. 2023 జులైలో రోజుకు ప్రయాణికులు 5 లక్షలు దాటిన రోజు అదే రైలు, అదే తీగ, అదే కరెంటు ఎంతమందికి పంచబడ్డాయో ఊహించండి. బస్సుల సంగతీ అంతే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు, బాలికలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సుల్లో జనం పెరిగారు. నిలుచోవడానికి చోటు లేదని విసుక్కుంటాం కాని, మన భాగహారం ప్రకారం ఆ బస్సు ఇదివరకటి కంటె శుభ్రమైన బస్సు. విసుగు తీరాలంటే మరికొన్ని బస్సులు కావాలి. అవీ నిండాలి.

ఇంకో సంగతి ఆలోచించండి. రైలు మీకోసం ఆగదు, మీరు ఎక్కకపోయినా వెళ్ళిపోతుంది. 150 టన్నుల రైలులోకి 60 కిలోల మనిషి ఒకరు అదనంగా ఎక్కితే బరువు 2,500వ వంతు పెరుగుతుంది. 112 కిలోలలో 2,500వ వంతు అంటే 45 గ్రాములు. ఆ సీటు ఖాళీగా వదిలి మోటారు సైకిలు మీద పోతే 770 గ్రాములు. ఈ రెండింటి తేడా, అంటే ముప్పావు కిలోకు కాస్త తక్కువ, ఆ ఖాళీ సీటు ఖరీదు. రోజూ పోయి రావడానికి, ఏడాదికి 250 రోజులకు లెక్కగట్టండి. ఒక్క సీటుకు 360 కిలోలు దాటుతుంది.

ఇంటి నుంచి స్టేషను దాకా

మరి సీట్లు ఎందుకు ఖాళీగా ఉంటాయి? తరచుగా కారణం రైలులో ఉండదు, ఇంటికీ స్టేషనుకూ మధ్య ఉంటుంది.

మనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడు. పది నిమిషాలకు 800 మీటర్లు. స్టేషను కేంద్రంగా 800 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే దాని వైశాల్యం 2 చదరపు కిలోమీటర్లు. ఆ వృత్తంలో ఇల్లున్నవాళ్ళు నడిచి రాగలరు. ఫుట్‌పాత్ విరిగిపోయిందనుకోండి, దాని మీద బండ్లు నిలిపారనుకోండి, ఎండకు నీడ లేదనుకోండి. అప్పుడు జనం 400 మీటర్లకు మించి నడవరు. వ్యాసార్థం సగమైంది. వైశాల్యం సగమైందా? లేదు, పావైంది! ఇళ్ళు సమంగా పరుచుకుని ఉంటే, నడిచివచ్చే జనం కూడా పావు వంతే అవుతారు. పాడైన ఫుట్‌పాత్ ఆ స్టేషనుకు నలుగురిలో ముగ్గురిని రాకుండా చేస్తుందన్నమాట.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ దెబ్బ కొంత తగ్గుతుంది. పక్కనే ఒకవైపు మూసారంబాగ్, మరోవైపు చైతన్యపురి స్టేషన్లున్నాయి. ఎల్.బి.నగర్ చివరి స్టేషను. దాని అవతల వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు జనమంతా బస్సులోనో, షేరు ఆటోలోనో, సొంత బండి మీదనో రావాలి. సొంత బండి బయటికి తీసినవాడు స్టేషనులో ఆగుతాడా, నేరుగా పనికే పోతాడా అన్నది చిన్న విషయాల మీద ఆధారపడుతుంది. అక్కడ బండి పెట్టే చోటుందా, చిన్న బస్సు వేళకు వస్తుందా, చీకటి పడ్డాక దారిలో దీపాలున్నాయా? మెట్రోను ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్‌కు పొడిగించాలన్న ప్రతిపాదన రెండో దశలో ఉంది. కాని అది వచ్చినా చివరి స్టేషను మరో చోటికి జరుగుతుందే కాని, చివరి కిలోమీటరు మాయం కాదు.

బ్రెజిల్ దేశంలోని కురిటిబా నగరం 1974లో బస్సులకు ప్రత్యేక దారులు వేసింది. అక్కడి విశేషం ఆ దారుల్లోనే లేదు. దూరపు వాడల నుంచి చిన్న బస్సులు జనాన్ని తెచ్చి పెద్ద బస్సులకు అందిస్తాయి. ఏరుకు వాగులు నీళ్ళు తెచ్చినట్లు. వాగులు ఎండిపోతే ఏరు ఎంత వెడల్పుంటే ఏం లాభం? సైకిలు కూడా అలాంటి వాగే. పది నిమిషాల్లో అది 2 కిలోమీటర్లు పోతుంది. ఆ వ్యాసార్థంతో వృత్తం గీస్తే వైశాల్యం పన్నెండున్నర చదరపు కిలోమీటర్లు. నడకతో పోలిస్తే ఆరింతలకు పైమాటే.

మీరు చేసి చూడండి

మీ ఊరు ఏదైనా సరే, ఈ పరిశీలన చేయవచ్చు. పెద్దవారిని తోడు తీసుకుని బస్ స్టాపు నీడలో, రోడ్డుకు దూరంగా నిలబడండి. పదిహేను నిమిషాలపాటు ఒక దిక్కుగా పోయే వాహనాలను, వాటిలోని మనుషులను లెక్కించండి. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు, బస్సులు విడివిడిగా రాయండి. మనుషుల సంఖ్యను వాహనాల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క రకానికి సగటు వస్తుంది. పైన చెప్పిన పద్ధతిలో మనిషికి ఎన్ని గ్రాములో కట్టండి. తరువాత మీ ఇంటి నుంచి బస్ స్టాపుకో, స్టేషనుకో నడుస్తూ ఎన్నిచోట్ల ఫుట్‌పాత్ వదిలి రోడ్డు మీదికి దిగవలసి వచ్చిందో పటం గీసి గుర్తుపెట్టండి. ఆ పటాన్ని మీ వార్డు కార్పొరేటరుకో, సర్పంచికో మీ ఉపాధ్యాయుని ద్వారా పంపవచ్చు. అంకెలతో రాసిన ఉత్తరానికి విలువ ఎక్కువ.

మీలో చాలామందికి మరో మూడు నాలుగేళ్ళలో పద్దెనిమిది నిండుతాయి. బండి కొనమని ఇంట్లో అడగాలనిపిస్తుంది. అడగవద్దని నేను చెప్పను. అడిగే ముందు మాత్రం మీరు రోజూ పోయే దారికి ఈ భాగహారం ఒకసారి చేసి చూడండి.